తహసీన్ నోరూ, శివనాగరాజు డిస్కూ

తెనాలి ఐతానగర్‌లో "కాలేషా రేడియోస్" అనే బోర్డు ఇప్పటికీ ఉంది. లోపల రేడియో ఒక్కటీ లేదు. కాలేషా పోయి పదకొండేళ్లయింది. ఇప్పుడు ఆ కొట్లో ఉన్నవి విప్పి పడేసిన కంప్యూటర్లు, వాటి మధ్య ఆయన కూతురు తహసీన్, తహసీన్‌తో పాటు ఆమె నోరు. బోర్డు మార్చుకోమని ఎవరైనా సలహా ఇస్తే, "మార్చి ఏం రాయాలండి, మీ పేరు రాయనా?" అని అడుగుతుంది. సలహా ఇచ్చినవాళ్లు మళ్లీ ఆ సంగతి ఎత్తరు.

యంత్రాల మీద ఆమె ఏనాడూ విసుక్కోలేదు. ఆమె విసుగంతా వాటిని మోసుకొచ్చే మనుషుల మీద. యంత్రం పాడైతే ఎక్కడ పాడైందో వెతికితే దొరుకుతుంది. తెచ్చినవాడు మాత్రం, "నేనేం చెయ్యలేదండి, దానంతట అదే ఆగిపోయింది" అంటాడు. టీ ఒలికిన మరక ఇంకా తడిగానే ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఈ మాట వింటూ వింటూ, మగవాడు నోరు తెరిస్తే మొదటి వాక్యం అబద్ధమేనని ఆమె స్థిరపరచుకుంది.

కాలేషాకు ఇద్దరు కొడుకులు. ఇద్దరికీ సోల్డరింగ్ నేర్పబోతే ఒకడు చెయ్యి కాల్చుకున్నాడు, రెండోవాడు బల్ల కాల్చాడు. తొమ్మిదేళ్ల తహసీన్ ఎవరూ పిలవకుండానే వచ్చి తెగిన తీగను అతికించింది. ఆయన మెచ్చుకోలేదు, తిట్టలేదు, తన పక్కనున్న స్టూలు ఆమె వైపు జరిపాడు. ఇంటర్ అయ్యాక బోసు రోడ్డులో ఒక డీటీపీ సెంటర్లో చేరింది. కంప్యూటరు ఆగిపోయినప్పుడు చూస్తానంటే, "ఆడపిల్లవి, షాక్ కొడుతుంది, దూరంగా ఉండు" అన్నాడు ఆ యజమాని. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు మూత తీసి చూస్తే ఫ్యానులో ఎండిపోయిన బల్లి ఉంది. బల్లిని తీసి కాగితంలో చుట్టి ఆయన బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేసింది. మళ్లీ ఎవరి దగ్గరా ఉద్యోగం చెయ్యలేదు.

భర్త షఫీక్ టైలరు. మితభాషి. ఆ ఇంట్లో మాటలన్నీ ఒకరి వాటాకే వచ్చాయని తహసీన్ తల్లి కరీమాబీ అంటుంది. "ఆ నోటికి కూడా ఓ కాజా కుట్టి బొత్తాం పెట్టయ్యా" అని అల్లుడిని బతిమాలుతుంది. షఫీక్ నవ్వి ఊరుకుంటాడు.

కొట్టుకు కొత్తగా వచ్చినవాడు ముందు లోపలికి తొంగిచూస్తాడు. తర్వాత, "ఎవరూ లేరా అమ్మా?" అంటాడు. "ఉన్నాను కదండి" అంటుంది తహసీన్. "అదే, రిపేరు చేసేవాళ్లు..." అని వాడు నసుగుతాడు. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుని, వాడు తెచ్చిన డబ్బా వైపు జాలిగా చూస్తుంది. ఆ జాలి డబ్బా మీద, ఇలాంటివాడి ఇంట్లో పడినందుకు.

ఇక మెయిన్ రోడ్డు మీద అద్దాలు బిగించిన కంప్యూటరు కొట్లవాళ్లంటే ఆమెకు మంట. వాళ్లకు వచ్చిన విద్య ఒక్కటే. "పాతదైపోయింది సార్, పడేసి కొత్తది తీసుకోండి." పదేళ్ల కంప్యూటరైనా అదే మాట, నాలుగేళ్లదైనా అదే మాట. తహసీన్ చేతిలో పాతవి చచ్చేవి కావు. వేమూరులో ఒక రైసుమిల్లు వేబ్రిడ్జికి కట్టిన కంప్యూటరు ఇరవై ఏళ్లది, ఆమె చలవతో ఇంకా తూకం చీటీలు కక్కుతూనే ఉంది. పాత కంప్యూటర్ల చేత పెద్ద హార్డ్‌డిస్కులు పూర్తిగా వాడించడం ఆమెకు చేతనైన విద్యల్లో పెద్దది. పాతవి పుట్టినప్పుడు అంతంత డిస్కులు లేవు, వాటికి అంత లెక్క రాదు. ఆ లెక్క రానిచోట ఏ దారిన వెళ్లాలో ఆమెకు తెలుసు. తెలిసిన సంగతి నలుగురికీ చెప్పే ఓపిక మాత్రం లేదు. అడిగినవాడి మొహం చూసి, వీడికి ఎక్కదు అనుకుంటే అక్కడితో సరి. చాలామంది మొహాలు ఆమెకు అలాగే కనిపించేవి.

అందరిలోకీ ఎక్కనివాడు శివనాగరాజు అని ఆమె నమ్మకం.

శివనాగరాజు రేపల్లెలో పెళ్లి వీడియోలు తీస్తాడు. సముద్రం మీద బతికే కుటుంబంలో పుట్టి, పడవెక్కితే కళ్లు తిరుగుతాయని కెమెరా పట్టుకున్నాడు. నగరం అనే ఊరి నుంచి సూర్యలంక దాకా ముప్పై ఏళ్లుగా ఆయన తీసిన పెళ్లిళ్లకు లెక్కలేదు. తీయడం వరకైతే ఎవరికీ నష్టం లేదు, మిక్సింగ్ దగ్గరే వచ్చింది తంటా. పెళ్లికూతురు కళ్లెత్తితే గులాబీ, దించితే గులాబీ. పెళ్లికొడుకు తుమ్మినా రెండు హంసలు ఈదాల్సిందే. ఆ గులాబీలూ హంసలూ ఉన్నది ఇరవై ఏళ్ల నాటి ఒక మిక్సింగ్ కార్డులో. ఆ కార్డు ఆ కాలపు కంప్యూటర్లో తప్ప పనిచేయదు. అందుకే ఆయన ఆ సీపీయూను మార్చడు. పాతదాన్ని పడేయనివాడు కాబట్టి ఆ ఒక్క విషయంలో తహసీన్ ఆయన్ని క్షమించింది. మిగతా అన్నిటికీ ఆయన్ని చూసి నవ్వేది. ఏ డిస్కు కొన్నా పంతులుగారిని అడిగి మంచిరోజు చూసుకుని, ముందు వినాయకుడి బొమ్మ ఒకటి ఎక్కించి, డిస్కుకు బొట్టు పెట్టి, ఆ తర్వాతే పెళ్లిళ్లు ఎక్కించేవాడు.

రెండేళ్ల కిందట ఆయన ఫోను చేశాడు. "అమ్మాయ్, నాలుగు వేల జీబీ డిస్కు కొన్నా. మన సీపీయూలో పెడితే పదహారొందలే చూపిస్తంది. మిగతాది ఏమైనట్టు?"

"మీ సీపీయూకి లెక్క అంతవరకే వచ్చు బాబాయ్. మీకూ అంతే."

"సరేలే, ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పు."

"చెప్పినా మీకెక్కదు. వదిలేయండి" అని ఫోను పెట్టేసింది. ఆ సాయంత్రం షఫీక్‌కు చెప్పి నవ్వింది. మర్నాడు కొట్టుకు వచ్చినవాళ్లకు చెప్పి నవ్వింది. నెల తర్వాత శివనాగరాజే మళ్లీ ఫోను చేసి, ఎవరో ఇచ్చిన సాఫ్టువేరు వేస్తే మొత్తం కనపడుతోందని, డి డ్రైవులో రెండు వేలూ, ఇ డ్రైవులో మిగతాదీ వచ్చాయని గర్వంగా చెప్పాడు. "శుభం" అంది తహసీన్. అలాంటి సాఫ్టువేరు అంత పాత సీపీయూలో ఏం చేస్తుందో ఆమెకు తెలుసు. చెప్పబుద్ధి కాలేదు.

ఈ ఏడు ఫాల్గుణంలో ఒక గురువారం పొద్దున కొట్టు తెరిచేసరికి ఒక మనిషి మెట్టు మీద కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి. పేరు దుర్గాదేవి అని, సూర్యలంక నుంచి బాపట్ల వచ్చి రైలెక్కి వచ్చానని చెప్పింది.

"శివనాగరాజు గారు పంపారక్కా. ఆయన డిస్కు చెడిపోయిందంట. బాగుచేస్తే నువ్వే చెయ్యాలంట."

"ఆయన డిస్కు చెడితే నువ్వెందుకమ్మా వచ్చావు?"

"దాంట్లో మా ఇల్లుంది."

సంగతి ఇది. బీచి దగ్గర రిసార్టు కడుతున్న ఒకాయనకు కార్లు తిరిగే దారి కావాలి. ఆ దారికి దుర్గాదేవి ఇల్లు అడ్డం. ఆ ఇల్లు ఐదేళ్ల కిందట ఆక్రమించి కట్టిందని ఆయన అర్జీ పెట్టాడు. విచారణ చేస్తున్న ఆఫీసరు, ఇల్లు పదిహేనేళ్లకు ముందు నుంచి ఉన్నట్టు ఏదైనా రుజువు చూపిస్తే పాత ఇల్లుగా రాస్తానన్నాడు. పన్ను రసీదులూ ఫొటోలూ ఉన్న ట్రంకుపెట్టె తుపాను నీళ్లలో నాని ముద్దయిపోయింది. పెళ్లి సీడీ ఉప్పుగాలికి పొరలు లేచిపోయింది. ఇక మిగిలింది శివనాగరాజు దగ్గరున్న ఆమె పెళ్లి వీడియో. వాళ్లలో పెళ్లి మగపెళ్లివారి ఇంట్లోనే చేస్తారు. పందొమ్మిదేళ్ల కిందట ఆ ఇంటి ముందే పందిరి వేసి ఆమెకూ పోలయ్యకూ పెళ్లి చేశారు. శివనాగరాజుకు ఒక అలవాటుంది. ఏ పెళ్లికి వెళ్లినా ముందు వీధిలో నిలబడి ఇల్లంతా తీస్తాడు, తలుపు మీది నంబరూ పక్కన కరెంటు మీటరూ కూడా కనపడేట్టు. విచారణ వచ్చే మంగళవారం. పోలయ్య మొన్నటిదాకా సముద్రం మీద వేటకెళ్లేవాడని, ఇప్పుడు నడుం పడిపోయి ఇంట్లోనే ఉంటున్నాడని, ఇల్లు పోతే ఆయన్ని ఎక్కడ పడుకోబెట్టాలో తెలియడం లేదని దుర్గాదేవి మామూలుగా, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది.

తహసీన్ ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని కొట్టుకు తాళం వేసింది. పదిన్నర రేపల్లె ప్యాసింజరు దొరికింది. దారి పొడుగునా శివనాగరాజును తిడుతూనే ఉంది. మంచి రోజు చూసుకోవడం వచ్చు గానీ డిస్కు చూసుకోవడం రాదంది. ఇలాంటివాళ్ల చేతికి కెమెరా ఇచ్చిందెవరంది. దుర్గాదేవి కిటికీలోంచి కోతలైపోయిన చేలు చూస్తూ అన్నిటికీ "ఆఁ అక్కా" అంది.

శివనాగరాజు స్టూడియో మేడ మీద ఒక గది. అరవైకి దగ్గరపడ్డాడు, జుట్టుకు రంగు వేశాడు. వాళ్లను చూడగానే కూల్‌డ్రింకు తెప్పించబోయాడు. తహసీన్ వద్దని చెయ్యి ఊపింది.

"ముందు చెప్పండి, అదేమంటోంది?"

"ఇ డ్రైవు బాగానే ఉందమ్మాయ్. కొత్త పెళ్లిళ్లన్నీ దాంట్లోనే ఉన్నాయి, ఆడుతున్నాయి. డి తెరిస్తే మాత్రం ఫార్మాట్ చెయ్యమంటావా అని అడుగుతంది. పాత పెళ్లిళ్లు ఎవరూ అడగరు గదా, నేనూ చూసుకోలా. ఈ అమ్మాయి వచ్చి అడిగితేనే తెలిసింది."

"తెలిశాక ఏం చేశారు?"

ఆయన కొంచెం తడబడ్డాడు. "తేమ పట్టిందేమో అనుకున్నా. క్యాసెట్లకి బూజు పడితే ఎండలో పెట్టేవాళ్లం గదా. తీసి మేడ మీద ఓ పూట ఎండబెట్టా."

కిటికీలోంచి మేడ కనపడుతోంది. ఆయన భార్య చాప పరిచి ఎండుచేపలు ఆరబోసింది. ఆ చేపల పక్కన కుంకుమబొట్టుతో నాలుగు వేల జీబీ డిస్కు ఒకపూటంతా ఎండిందన్నమాట. తహసీన్ జీవితంలో చాలా చూసింది, ఇంత చూడలేదు. ఇది తెనాలి తీసుకెళ్లి చెబితే కనీసం ఏడాదిపాటు నవ్వుకోవచ్చు అనుకుంది.

"క్యాసెట్లేవి?"

"డిస్కులోకి ఎక్కించాక పాతసామాన్ల వాడికి వేసేశా."

తహసీన్ డిస్కును సీపీయూలోంచి తీసి తన ల్యాప్‌టాప్‌కు కలిపింది. అరగంట చూసింది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, స్కూల్లో పిల్లాడికి చెప్పినట్టు శివనాగరాజుకు చెప్పింది.

"మీ స్కూటరు మీటరు తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాటితే ఏమవుద్ది?"

"మళ్లీ సున్నాకొస్తది."

"మీ సీపీయూ కూడా అంతే. రెండు వేల చిల్లర జీబీ దాటితే దానికి లెక్క రాదు, సున్నాకొస్తది. మీ సాఫ్టువేరు ఇ డ్రైవని ఒక పేరైతే పెట్టింది. మీరు దాంట్లో వేసిన ప్రతి పెళ్లీ డిస్కు రెండో సగంలోకి పోలా. తిరిగి మొదటికొచ్చి డి డ్రైవులో ఉన్న పాత పెళ్లిళ్ల మీద పడింది. ఇదిగో చూడండి, డిస్కు రెండో సగం కొన్నరోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఖాళీగా ఉంది. మీరు మొట్టమొదట ఎక్కించిన వినాయకుడే మొట్టమొదట పోయాడు. ఆయన మీద ఎవరో డీజే పెట్టుకుని ఎగురుతున్నారు."

శివనాగరాజు ముఖం పాలిపోయింది. డిస్కు వైపు చూసి అప్రయత్నంగా చెంపలు వేసుకున్నాడు. తహసీన్‌కు అదీ నవ్వొచ్చింది.

"నాదెంతవరకు పోయిందక్కా?" అంది దుర్గాదేవి.

ఆయన పాత పెళ్లిళ్లను తేదీల వరసలో ఎక్కించాడు. కొత్తవి పది పదకొండేళ్ల పెళ్లిళ్ల మేర మొదటి నుంచి తినుకుంటూ వచ్చాయి. తహసీన్ ముక్కలు తీసి చూస్తూ పోయింది. ఎవరెవరివో తలంబ్రాలు, సగం మండపాలు. చివరికి దుర్గాదేవి దొరికింది. పసుపుబట్టల్లో, చాలా సన్నగా, తల వంచుకుని. కానీ అది పెళ్లి మధ్యలో. దానికి ముందున్నదంతా పోయింది. వీధిలోంచి తీసిన ఇల్లు ఆ పోయిన సగంలో ఉంది.

తహసీన్‌కే ముందు నోరొచ్చింది.

"తెలియనప్పుడు ముట్టుకోకూడదు బాబాయ్. తెలిసినవాళ్లను అడగాలి."

"అడిగా గదమ్మా" అన్నాడు శివనాగరాజు. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, గుర్తుచేస్తున్నాడంతే. "డిస్కు కొన్న వారమే నీకు ఫోను చేశా. చెప్పినా నాకెక్కదన్నావు. నిజమే అయ్యుంటది."

దుర్గాదేవి తహసీన్ వైపు తిరిగింది. "అప్పుడు నీకు తెలుసా అక్కా, ఇట్టా అయిద్దని?"

"తెలుసు."

"ఏం చెయ్యాలో కూడా తెలుసా?"

తెలుసు. ఆ పెద్ద డిస్కును పాత సీపీయూలో పెట్టకుండా, పక్కన కొంచెం కొత్త బోర్డున్న చిన్న డబ్బా ఒకటి పెట్టి, దాంట్లో డిస్కు వేసి, రెండింటికీ మధ్య నెట్‌వర్కు తీగ కలపాలి. పాతది తన గులాబీలు తాను చేసుకుంటుంది, చేసినవి తీగ మీదుగా పంపుతుంది. లెక్కపెట్టే పని కొత్తది చూసుకుంటుంది. నాలుగు వేలకు నాలుగు వేలూ వాడుకోవచ్చు. ఇది చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఫోనులో ఆమె వెటకారానికి పట్టినంత సేపు. తహసీన్‌కు సిగ్గేసింది. ఇరవై ఏళ్లుగా ఎదుటివాళ్ల సిగ్గు చూడటమే గానీ, తనది ఎలా ఉంటుందో ఆమెకు సరిగా తెలియదు. చెవులు వేడెక్కాయి.

"తెలుసు" అంది మళ్లీ.

దుర్గాదేవి తిట్టలేదు. "అయితే మిగిలింది చూడక్కా" అంది.

శుక్రవారమంతా తహసీన్ కొట్టు ముందు తలుపు సగం దించి కూర్చుంది. ముందు డిస్కు మొత్తానికీ నకలు తీసింది, అసలుదాన్ని ముట్టకుండా పక్కన పెట్టింది. శనివారం ఆ నకల్లోంచి దుర్గాదేవి పెళ్లిని ముక్కముక్కగా ఏరింది. తాళి కట్టడం, తలంబ్రాలు, పూనకం వచ్చిన ఒక ముసలమ్మ, భోజనాలు. పందిరిలో తీసినవన్నీ పందిరే, ఇల్లు లేదు. ఆదివారం మధ్యాహ్నానికి గడప తొక్కే ఘట్టం దొరికింది. కొత్త జంట గుమ్మం ముందు నిలబడి ఉంది, ఎవరో హారతి పళ్లెం పట్టుకున్నారు, వెనక గోడ, తలుపు. తహసీన్ ముందుకు వంగింది. సరిగ్గా అప్పుడు తెర నాలుగు వైపుల నుంచీ గులాబీలు విచ్చుకుని, మధ్యలో లవ్ గుర్తు ఒకటి పెట్టి, దాంట్లో రెండు తలకాయలు మాత్రం మిగిల్చాయి. గోడ పోయింది, నంబరు పోయింది. తహసీన్ శివనాగరాజును ఆయన ఏడు తరాలతో సహా తిట్టింది. తిట్టాక మాత్రం ఎప్పటిలా హాయిగా అనిపించలేదు.

అదే ఘట్టాన్ని ఒక్కొక్క బొమ్మగా విడదీసి వెనక్కి నడిపించింది. గులాబీలు పూర్తిగా మూసుకోవడానికి ముందు, సెకనులో సగం కూడా లేని సందులో, తలుపు చట్రం మీద నీలం రంగుతో రాసిన ఇంటి నంబరు స్పష్టంగా ఉంది. దాని పక్కన మీటరు పెట్టె. వీడియో చివర శివనాగరాజు అలవాటుగా వేసే హంసల మధ్య పెళ్లి తేదీ కూడా క్షేమంగా ఉంది. ఆ హంసలను తహసీన్ చాలాసేపు చూసింది.

మంగళవారం ముగ్గురూ బాపట్లలో ఆ ఆఫీసు వరండాలో కలిశారు. శివనాగరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. విచారణ గదిలో ఆఫీసరు, నంబరు కనపడే ఆ బొమ్మను అచ్చువేయించిన ఫొటోను, వీడియో ముక్కను రెండుసార్లు చూశాడు. రిసార్టు తరఫున వచ్చిన వకీలు ఒకసారే చూసి, ఇది కంప్యూటర్లో తయారుచేసిన బొమ్మ, ముందు భాగం లేకపోవడమే దానికి రుజువు అన్నాడు.

"ముందు భాగం ఏమైందమ్మా?" అని ఆఫీసరు తహసీన్‌ను అడిగాడు.

ఆమె చెప్పింది. స్కూటరు మీటరు సంగతీ, డిస్కు రెండో సగం ఖాళీగా ఉన్న సంగతీ, నకలు తీసి పనిచేసిన సంగతీ. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఇంతకాలం ఇలాంటి శ్రద్ధ కోసమే ఆమె మనుషుల మీద పోట్లాడింది.

"ఇందులో మీరేమీ మార్చలేదని మీ మాట మీదే నేను నమ్మాలి" అన్నాడు ఆఫీసరు. "అందుకని అడుగుతున్నా. ఆ కంప్యూటరుకు ఆ డిస్కు పెడితే ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా?"

"తెలుసండి."

"ఆయన మిమ్మల్ని సంప్రదించాడా?"

"ఫోను చేశారండి."

"మరి మీరు చెప్పలేదా?"

వకీలు తల ఎత్తాడు. తహసీన్ నోరు తెరిచింది. ఆ నోరు జీవితంలో మొదటిసారి పనిచేయలేదు.

"చెప్పిందండి" అన్నాడు వెనక నుంచి శివనాగరాజు. లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. "అరగంట చెప్పింది సార్. ఒకటికి రెండుసార్లు చెప్పింది. నాకే అహం. ముప్పై ఏళ్ల నుంచి వీడియోలు తీస్తున్నా, ఈ పిల్ల నాకు చెప్పేదేంటి అనుకున్నా. డిస్కుని ఎండలో కూడా పెట్టాను సార్."

ఆఫీసరు నవ్వు ఆపుకున్నాడు. వకీలు ఆపుకోలేదు. గదిలో అందరూ శివనాగరాజును చూసి నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నవ్వు ఆగాక ఆఫీసరు, వీడియో తీసిన మనిషి ఇదంతా కాగితం మీద రాసి ఇచ్చి, కంప్యూటరు తెలిసినావిడ సాక్షి సంతకం పెడితే ఆ ఫొటోను రుజువుగా తీసుకుంటాననీ, ఇంటిని పాత ఇల్లుగా నమోదు చేస్తాననీ చెప్పాడు.

వరండాలో బెంచీ మీద కూర్చుని శివనాగరాజు రాయడం మొదలుపెట్టాడు. తహసీన్ ఆయన పక్కన నిలబడింది.

"ఎందుకు బాబాయ్, అబద్ధం చెప్పారు?"

ఆయన తల ఎత్తకుండా రాస్తూనే ఉన్నాడు. "నీక్కూడా బుద్ధి లేదని తేలితే ఆ ఫొటోని ఎవరు నమ్ముతారమ్మాయ్? ఈ పనికి బుద్ధిలేనోడు ఒకడు చాలు. నేనున్నా గదా."

రాసి కాగితం ఆమె చేతికిచ్చాడు. పెద్దపెద్ద అక్షరాలు, వంకర టింకరగా ఉన్నా చదవడానికి ఇబ్బంది లేదు. "నాకు కంప్యూటర్ల గురించి సరిగా తెలియదు. తెనాలి తహసీన్ గారు రెండేళ్ల క్రితమే ఫోనులో నాకు ఎంతో ఓపికగా అంతా వివరించి చెప్పారు. నేనే వినలేదు."

ఎంతో ఓపికగా అన్న మాట దగ్గర తహసీన్ ఆగిపోయింది. వెటకారమేమోనని ఆయన ముఖం చూసింది. వెటకారం ఆయనకు రాదు. జేబులోంచి పెన్ను తీసి, ఆ రెండు మాటలూ కొట్టేయడానికి కాగితం మోకాలి మీద పెట్టుకుంది.

దుర్గాదేవి ఆమె చెయ్యి పట్టుకుంది. జరిగిందేమిటో ఆ వరండాలో తెలిసిన మూడో మనిషి ఆమె.

"కొట్టేయమాక అక్కా" అంది. "కొట్టివేతలుంటే కాగితం చెల్లదంట."

లోపలి నుంచి బంట్రోతు కాగితం కోసం పిలిచాడు. తహసీన్ ఆ మాటల కిందే సంతకం పెట్టి ఇచ్చింది.